ఎడమ పక్క దెబ్బ

"దేశం తరఫున దిగినవాళ్ళు నోరు మూసుకుని ఆడాలి, అంతే!" అన్నాడు డెంటింగ్ మేస్త్రీ. పొద్దుట్నించీ అది ఏడోసారి.

షాపులో ఇవాళ సుత్తి చప్పుడు లేదు. ఊడదీసిన బోనెట్ల మధ్య టీవీ పెట్టారు. ఇంకో పది నిమిషాల్లో ప్రపంచ పోటీల బాక్సింగ్ ఫైనల్. ఆడేది మేస్త్రీ కూతురు.

"ఆ పాత ఛాంపియన్ సంగతే చూడరా," అన్నాడు బావమరిదితో. బావమరిది అదే షాపులో పెయింటర్. "ఫైనల్లో నాలుగు దెబ్బలు తగిలేసరికి కోచ్ ఎవడో టవల్ విసిరేశాడు. ఓడిపోయామని ఒప్పేసుకోవడమే కదా అది! వాణ్ణి తిట్టాల్సింది పోయి ఆవిడ మైకు పట్టుకుని ఏమంది? ‘బాక్సింగ్ సంఘానికి పతకాలు కావాలి, మా తలకాయలు అక్కర్లేదు. ఈయన నా ప్రాణం కాపాడాడు’ అంది. సిగ్గుండక్కర్లా?"

"ఐదేళ్ళయింది, వదిలెయ్ బావా."

"యాభై ఏళ్ళయినా వదలను. వాడి దిష్టిబొమ్మ మీద థిన్నర్ పోసి అంటించింది నేనే."

మేస్త్రీ మరీ అంత చెడ్డవాడేం కాదు. పిల్ల పొద్దున్నే పరుగుకి వెళ్తే వెనకాల సైకిలు తొక్కిన తండ్రి. అతనికి కూతురంటే ప్రాణం, పతకమన్నా ప్రాణమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

అప్పుడు గుమ్మంలోకి ఒక బట్టతల మనిషి వచ్చాడు.

"మేస్త్రీగారు మీరేనా? మీతో ఒక మాట చెప్పాలి."

"బండి సంగతైతే రేపు రండి. ఏదైనా సరే, ఆట అయ్యాకే."

"అయితే ఇక్కడే కూర్చుని చూస్తాను."

"దేశం గెలవాలనుకునేవాడు ఎవడైనా కూర్చోవచ్చు!" అని మేస్త్రీ తనే కుర్చీ లాగి వేశాడు.

మొదటి రౌండు పిల్లదే. అవతలి అమ్మాయి ముక్కు పగిలి రక్తం కారింది.

"చంపెయ్ తల్లీ! లేవనివ్వకు!" మేస్త్రీ కుర్చీ మీదికెక్కి అరిచాడు.

రెండో రౌండులో కథ మారింది. పిల్ల ఎడమ కణత మీద ఒకటి పడింది. అక్కడే ఇంకోటి, మళ్ళీ అక్కడే.

బట్టతల మనిషి లేచి టీవీ దగ్గరికెళ్ళాడు.

"పిల్లకి ఎడమ కన్ను కనబడటం లేదు."

"ఏంటి?"

"కుడి పక్క దెబ్బలన్నీ తప్పించుకుంటోంది. ఎడమ పక్కనించి వస్తే కనీసం తల తిప్పడం లేదు, చూడండి. ఆట ఆపించాలి." జేబులోంచి ఫోన్ తీశాడు.

"నీ నోట్లో మన్ను పడ! ఎవరికయ్యా ఫోను?"

"రింగు పక్కన ఉన్న మీ అమ్మాయి కోచ్‌కి."

"నా కూతురి ఆట ఆపడానికి నువ్వెవడివి?"

అతను ఫోన్‌లో నంబరు వెతుకుతూనే చెప్పాడు.

"ఐదేళ్ళ కిందట ఆ టవల్ విసిరింది నేనే."

మేస్త్రీ పిడికిలి బిగించి మొహం మీద గుద్దాడు. ఫోన్ ఎగిరిపడితే బూటుకాలితో తొక్కి ముక్కలు చేశాడు.

"దేశాన్ని ముంచింది చాలక నా ఇంటి మీదికొచ్చావా!"

అతను బంపర్ల మీద పడ్డాడు. మేస్త్రీ కాలర్ పట్టుకుని లేపాడు, మళ్ళీ గుద్దాడు. ఏళ్ళ తరబడి ఇనుప రేకులు సాపు చేసిన చెయ్యి అది. పెయింటర్ అడ్డం వస్తే వాడికీ ఒకటి తగిలింది.

దెబ్బలాట నేర్పడమే వృత్తి అయినవాడు, ఒక్కటంటే ఒక్క దెబ్బ తిరిగి వెయ్యలేదు.

"ఇంకో ఫోనివ్వండి," అన్నాడు రక్తం ఉమ్ముతూ. "ముందు ఫోనివ్వండి, తరవాత ఎంతైనా కొట్టండి. మూడో రౌండు మొదలైపోతుంది. మీ అమ్మాయే నన్ను..."

మేస్త్రీ మోచెయ్యి నోటి మీద పడింది. రెండు పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి.

టీవీలో జనం ఒక్కసారిగా హోరెత్తారు. మేస్త్రీ తలెత్తి చూసేసరికి కూతురు రింగులో బోర్లా పడి ఉంది. లేవలేదు. స్ట్రెచర్ తెచ్చారు.

స్పృహ తప్పిన ఆ మనిషిని పెయింటర్ ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మేస్త్రీ ఆ వైపు చూడనైనా చూడలేదు. రింగు దగ్గరున్న కోచ్ నంబరు నొక్కుతూనే ఉన్నాడు.

గంట తరవాత ఆ కోచ్ ఆవిడే తిరిగి ఫోన్ చేసింది.

"ప్రాణానికి ఫర్వాలేదండీ. ఎడమ కన్ను మాత్రం... ఆశ పెట్టుకోవద్దన్నారు."

మేస్త్రీ నేల మీద కూలబడ్డాడు. పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"పక్కనే ఉన్నావు కదమ్మా! చేతిలో టవల్ ఉంది కదా! ఎందుకు వెయ్యలేదు?"

"ఒట్టు పెట్టించుకుందండీ మీ అమ్మాయి. ‘నువ్వు భయపడి తొందరపడతావక్కా, ఎప్పుడు ఆపాలో ఆయనకే తెలుసు. ఆయన ఫోన్ చేస్తేనే వెయ్యి’ అంది. ఆ టవల్ గొడవ నించీ రింగు దగ్గరికి ఆయన్ని సంఘం వాళ్ళు రానివ్వరు కదా. ఆ ఫోను కోసం చూసీ చూసీ... ఆయన మీ షాపుకి రాలేదా?"

"ఎవరు?" అన్నాడు మేస్త్రీ. నేల మీది పళ్ళ వంక చూస్తున్నాడు.

"మూడేళ్ళుగా మీకు తెలియకుండా మీ అమ్మాయికి ఆట నేర్పింది ఆయనేనండీ, ఇవాళైనా నాన్నకి నిజం చెప్పి, నాన్న పక్కనే కూర్చుని చూడండి మాస్టారూ అని తనే పంపింది."