రోడ్డున పడ్డ హారన్ బాబాయ్

"డ్రైవరుకి శాఖ ఇచ్చేశానండి. ఎక్కడా చోటు కుదరక రోడ్డున పడేశాను," అంది లెక్కలమ్మ, కింద గోడౌన్లో ఉన్న ఓనరుతో ఫోన్లో.

బండి తాళంచెవి ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు డ్రైవరు. ఇంజను రొదకి సగం అరిగిపోయిన అతని చెవుల్లో 'శాఖ' కాస్తా 'షాక్' అయి కూర్చుంది. 'రోడ్డున పడేశాను' మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

తాళంచెవి కింద పడింది. మిగిలిన రెండు చెవులూ గింగురుమన్నాయి.

"నేనేం తప్పు చేశానమ్మా, ఇంత షాకిచ్చావు!"

అతను గుసగుసలాడినా వీధి చివరిదాకా వినబడుతుంది. అందుకే అందరికీ హారన్ బాబాయ్. ఇక ఏడిస్తే చెప్పాలా? ప్యాకింగువాళ్ళు వేళ్ళకంటుకున్న టేపులతో అలాగే పరిగెత్తుకొచ్చారు.

"బాబాయ్, కాస్త ఆగు..." అంది లెక్కలమ్మ.

"నా నోటికి బ్రేకెయ్యకమ్మా! ఈ వయసులో, సైటొచ్చినవాడికి స్టీరింగు ఎవడిస్తాడు? ఇంట్లో పొయ్యి వెలగొద్దూ? బండి కడుగుతా, గేటు కాస్తా, ఓనరుగారి కాళ్ళు పట్టుకుంటా. నన్ను మాత్రం తీసెయ్యకు!" అంటూ కూలబడిపోయాడు.

"బాబాయ్‌నే తీసేస్తే ఇక మనమెంత?" అంది ప్యాకింగ్ పెద్దక్క.

అప్పుడే ఓనరు మెట్లెక్కి వచ్చాడు. కింద ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు పొద్దుట్నుంచీ గోడలు కొలుస్తుంటే, వాళ్ళ వెనకాలే తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది.

లెక్కలమ్మ గబుక్కున కుర్చీ ఎక్కింది.

"షాక్ కాదు మొర్రో, శాఖ! జీతాలకి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాం. ప్రతి మనిషికీ ఒక శాఖ, పనిచేసే చోటు ఒకటి చూపిస్తేగానీ అది కదలదు. బాబాయ్‌ది రవాణా శాఖ. చోటేది? ఆఫీసులో కూర్చోడు, గోడౌన్లో నిలబడడు. అందుకని 'రోడ్డు' అని పెట్టా. ఊడింది ఉద్యోగం కాదు, కుదిరింది అడ్రసు!"

గది గొల్లుమంది. బాబాయ్ కళ్ళు తుడుచుకుని, "రోడ్డున పడటం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో పడేవాణ్ణి గదరా!" అని మళ్ళీ హారన్ కొట్టాడు.

నవ్వుతూ కంప్యూటరు వైపు తిరిగిన లెక్కలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. 'ఒక్కరికే' నొక్కాల్సింది పోయి 'అందరికీ' నొక్కింది. ప్యాకింగు, గోడౌను, ఆఫీసు, తను, ఆఖరికి ఓనరు... అందరి పక్కనా రోడ్డే!

"అయ్యో, అందర్నీ రోడ్డున పడేశానండీ! ఒక్క నిమిషం, మార్చేస్తా."

"మార్చకమ్మా," అన్నాడు ఓనరు, ఎవరి వైపూ చూడకుండా. "బిల్డింగు వేలంలో పోయింది. మీకెలా చెప్పాలా అని చూస్తున్నా... నువ్వు సరిగ్గానే పెట్టావు."