మూడు కిలోల రెండొందలు

"పిల్లనెత్తుకునే సంచీలు ఉన్నాయా?" అని గుమ్మంలోంచే కేకేసింది వెంకటరావమ్మ.

బ్రాడీపేటలో పసిపిల్లల సామాన్లమ్మే కొట్టు అది. గఫూర్‌ది. తలెత్తి చూశాడు. ముందు వెంకటరావమ్మ, ఆమె చేతుల్లో ఇరవై రోజుల మనవరాలు. వెనక కోడలు జ్యోతిర్మయి, చెవుల్లో దూది, తలకి స్కార్ఫు. ఇంకా వెనక, మెట్టు దగ్గరే ఆగిపోయిన కొడుకు యలమంద.

"ఉన్నాయి పెద్దమ్మా. పెట్టుకునేదెవరు?"

"పిల్ల నాన్న," అంది జ్యోతిర్మయి.

గఫూర్ యలమందని ఒకసారి చూసి, చూపు బీరువా మీదికి తిప్పుకున్నాడు.

"లోపలికి రా తమ్ముడూ. కూర్చో."

యలమంద లోపలికైతే వచ్చాడు. కూర్చోలేదు.

మిర్చి యార్డులో ఇప్పటికీ యలమంద కథలు చెప్పుకుంటారు. అతను రెండు బస్తాలు మోసుకుపోతుంటే మూడోది సిగ్గుపడి తనే దొర్లుకుంటూ వెంట వచ్చేదట. అతను బస్తా దింపితే పక్క కొట్లో కాటా కూడా అదిరిపడి బరువు చూపించేదట. ఇందులో సగానికి సగం కోసేసినా మిగిలేది తక్కువేం కాదు.

అలాంటివాడు వారం రోజుల పనికని, పత్తిలోంచి గింజలు మిషన్లతో వేరుచేసే జిన్నింగు మిల్లుకి వెళ్లాడు. వచ్చాక మళ్లీ యార్డు గడప తొక్కలేదు. ఏడు నెలలైంది. మాట తగ్గింది. కోపమూ తగ్గింది. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. కూతురు పుట్టిందంటే "ఊ" అన్నాడు. అంతే.

ఇంతవరకూ ఎత్తుకోలేదు.

యార్డు మనుషులకో కట్టుబాటుంది. మిరపకాయ ముట్టిన చేతుల్తో పసిబిడ్డని తాకరు. మజ్జిగతో రుద్ది, నూనె రాసి, ఓ పూట ఆగి అప్పుడు ఎత్తుకుంటారు. యలమందకి ఇప్పుడు ఆ బాధ లేదు. రుద్దుకోవాల్సిన పనీ లేదు. అయినా ఎత్తుకోలేదు.

రేపు బారసాల. తండ్రి బిడ్డనెత్తుకుని చెవిలో పేరు చెప్పాలి. "అన్న ఎత్తుకుంటాడులే," అని యలమంద నాలుగు రోజుల నుంచీ ఒకటే పాట. "నాన్న ఉండగా పెదనాన్న చెప్పిన పేరు నా కూతురికి అక్కర్లేదు," అంది జ్యోతిర్మయి. పిల్లని డాక్టరుకి చూపించి పెదకాకానిలో ఇంటికి పోవాల్సిన ఆటోని ఇటు తిప్పించింది.

గఫూర్ బల్ల మీద నాలుగైదు సంచీలు పరిచాడు. వెంకటరావమ్మ గులాబీరంగుది లాక్కుంది. దాని మీద ఏనుగు బొమ్మలున్నాయి.

"ఇది బాగుందిరా! పిల్ల ముందుకి తిరిగి ఊరంతా చూస్తుంది."

"ఇంత పసిదానికి ఊరు చూపించకూడదు పెద్దమ్మా. మెడ నిలవదు. మొహం నాన్న రొమ్ముకేసి ఉండాలి. కాళ్లు వేలాడకూడదు, కప్ప కాళ్లలా మడిచి ఉండాలి. గడ్డం కిందికి వాలిందంటే ఊపిరాడదు."

"ఇన్ని రూల్సా! వీణ్ణి నేను పాతచీరలో మూటగట్టి మిరపతోటంతా తిప్పాను."

"అందుకేనేమో అత్తా, మూట విప్పినా నోరు విప్పడు," అంది జ్యోతిర్మయి.

యలమంద నవ్వలేదు. కోపగించుకోనూలేదు.

గఫూర్ ఒకదాన్లో ఇసక నింపిన బొమ్మని పెట్టాడు. మూడు కిలోలు. యలమంద పుట్టి బుద్ధెరిగాక అంత తక్కువ బరువు మొయ్యమని అతన్ని ఎవరూ అడగలేదు. జ్యోతిర్మయి అతని నడుముకి బెల్టు చుట్టి, పట్టీలు బిగించింది. అతను పాతిన గుంజలా నిలబడ్డాడు.

"ఎలా ఉంది బావా?"

"ఏముంది."

"ఒరుసుకుంటోందా?"

"ఏం తెలీట్లేదు."

పట్టీ భుజం మీంచి జారింది. ఆమె మళ్లీ వేసింది. మళ్లీ జారింది. మూడోసారి వెయ్యబోతుంటే యలమంద నోరు తెరిచాడు.

"సన్నపట్టీ. భుజం కోస్తుంది. బరువు నడుం మీద కూర్చోవాలి. పట్టీలు రెండూ వీపు మీద అడ్డంగా దాటాలి. లేకపోతే ఇట్టాగే జారతాయి. బస్తాకైనా అంతే."

ముగ్గురూ అతని వంకే చూశారు. ఏడు నెలల్లో అన్ని మాటలు ఒక్కసారి రాలేదు.

"అట్టాంటిది ఉంది తమ్ముడూ," అన్నాడు గఫూర్. "కాకపోతే వెనక బకిలు రెండో మనిషి పెట్టాలి."

"నేను పెడతాను," అంది జ్యోతిర్మయి.

"రోజూనా?" అన్నాడు యలమంద.

"రోజూ."

"నువ్వు కూలికి పోయే రోజో?"

"పెట్టే పోతాను. పిల్ల నీ దగ్గరుంటుంది."

యలమంద ఆమె మొహంలోకి చూశాడు. జాలి కోసం వెతికాడు. అక్కడ చెమట తప్ప ఏమీ కనపడలేదు.

తెల్లటి నూలుగుడ్డది, వెడల్పు పట్టీలది తెచ్చాడు గఫూర్. ఈసారి జ్యోతిర్మయి ఇసక బొమ్మని పక్కకి నెట్టి, అత్త చేతుల్లోంచి పిల్లని తీసుకుంది.

"ఒసేయ్, జాగ్రత్తే! జారిపోతుందే!"

జారలేదు. పిల్ల లోపలికి ఒదిగింది. కాళ్లు కప్ప కాళ్లలా అటొకటీ ఇటొకటీ బయటికొచ్చాయి. చెంప అతని రొమ్ముకి ఆనింది. ఒక్క తుమ్ము తుమ్మింది.

"యార్డు మానేసినా నీ ఘాటు పోలేదురా!" అంది వెంకటరావమ్మ.

"ఇంకాస్త ఎత్తుగా కట్టు," అన్నాడు యలమంద. "ఇంకాస్త. దాని నెత్తి నా గడ్డానికి తగలాలి."

తగిలింది. రొమ్ము మీద అరచేయంత మేర వెచ్చబడింది. పిల్ల మూడు కిలోల రెండొందలుందని డాక్టరు చెప్పింది. యలమంద అప్పుడు కూర్చున్నాడు.

"అన్నకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

"ఏమని?"

"రేపు భోజనానికి వస్తే చాలని."

జ్యోతిర్మయి "సరే" అని, పిల్ల కాళ్లకి అడ్డంపడుతున్న అతని ఖాళీ చొక్కా చేతులు రెండింటినీ పైకి మడిచి, భుజాల దగ్గర పిన్నీసులు పెట్టింది.