ఖంగుమనే పడవ

సముద్రంలోకి వెళ్లేవన్నీ మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌తోనే చేయాలని చట్టం వచ్చాక, భీమిలి ఒడ్డున పడవలు పోతపోసే పని నూకరత్నానిది. ప్లాస్టిక్ ముద్దలో కలిపే సన్నమట్టి ఎక్కువైతే పడవ బిగిసి మోగుతుంది గానీ దెబ్బకు పగులుతుంది. తక్కువైతే కెరటానికి మరీ వంగిపోతుంది. ఆ రెంటి మధ్య కొలత పట్టడమే ఆమె పనితనం. రేవులో మగవాళ్లు మాత్రం పాత చెక్కపడవల అలవాటు కొద్దీ పిడికిలితో కొట్టి చూసేవారు. ఖంగుమంటేనే మంచిదని వాళ్ల నమ్మకం.

"నా పడవ గంటలాగ మోగాలే, రత్నం," అన్నాడు ఆమె మొగుడు కొర్లయ్య.

ఆయన ముచ్చట కాదనలేక దోసెడు మట్టి ఎక్కువ కలిపింది.

మొదటి పెద్ద కెరటానికే ఆ పడవ కుండపెంకులా పగిలింది. మనిషి దొరకలేదు. ఒక్క ముక్క మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని ఆయన ఫొటో పక్కన పెట్టుకుని, రోజూ పొద్దున్నే వేలితో తట్టేది. ఖంగుమనేది. ఆయన పలికినట్టుండేది.

కొత్త పడవ కోసం వచ్చిన మరిది కూడా పిడికిలితో కొట్టి చూశాడు.

"మోగడం నేదేటొదినా?"

"మోగదు. కెరటానికి కాస్త వంగుతాది, ఇరగదు. నువ్వు ఇంటికొస్తావు."

మర్నాడు పొద్దున్న ఆమె ముక్కను తట్టింది. చప్పుడు రాలేదు. ఆ ప్లాస్టిక్ మట్టిలో కలిసే గడువు వచ్చినట్టుంది. చేతిలోకి తీసుకుంటే, అరచేతి మీద మెత్తగా వంగింది.

విరగలేదు.