అన్ని గుర్రాల మీదా

"వస్తోంది చూడు, నీ ఎనిమిది పౌండ్ల దేవత!" అన్నాడు గుమాస్తా డిన్నీ, చిట్టాలోంచి తలెత్తకుండానే.

ఫింటన్ పెట్టె మీద నిలబడి పలక మీద చివరి పందెం ధరలు రాస్తున్నాడు. జనం మధ్యలోంచి ఆకుపచ్చ టోపీ ఒకటి తీరుబడిగా వాళ్ళ వైపే వస్తోంది. ఫింటన్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఇవాళ చెప్పేస్తా డిన్నీ. పొద్దున పూజ అవగానే చర్చి మెట్ల మీదే నిలదీసింది నా భార్య బ్రీజ్. ముసలావిడ ఉసురు తగిలిన డబ్బుతో మాంసం కొనుక్కొస్తే వండనంది. చెప్పినా వినకపోతే ముసలావిడ పందెం తీసుకోనని మాటిచ్చాను."

"నీ జాలిగుండెకి బుకీ పని కంటే మఠంలో చేరడం నయం. ముందు ఆ పలక తిన్నగా రాయి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, నీ ఎడమచేతి రాత తాగి ఇంటికెళ్ళేవాడిలా ఒక పక్కకే వాలుతుంది."

మొదటి రోజే ఫింటన్‌కి అనుమానం రావలసింది. ఆ రోజు ఆవిడ పలక ముందు నిలబడి, ఎవరో రాసిన ఉత్తరం చదువుతున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత నోట్లున్న చెయ్యి చాచి, "ఇవి ఉంచు నాయనా" అంది. ఏ గుర్రం మీద అని అడిగితే తెల్లబోయింది. గుర్రం పేరు చెప్పకుండా ఇచ్చే డబ్బు ముట్టకూడదన్నది ఫింటన్ తండ్రి నాటి నియమం.

"పేరు చెప్పందే పెన్నీ కూడా పుచ్చుకోనమ్మా" అన్నాడు.

ఆవిడ పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. "అయితే అన్నిటి మీదా" అంది.

అప్పటినుంచి పదకొండు ఆదివారాలు. పందేలు ఏ ఊళ్ళో జరిగినా బస్సు పట్టుకుని వస్తుంది. చివరి పందెంలో ప్రతి గుర్రం మీదా కడుతుంది. పోగొట్టుకుని నవ్వుతూ వెళ్తుంది. గుర్రాలు మారాయి, ధరలు మారాయి, ఆవిడ పోగొట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఎనిమిది పౌండ్లే.

"ఇవాళ నాలుగేనా? హాయి" అంది వస్తూనే. "మ్యాడ్ పీటర్ మీద ముప్పై, సిల్వర్ థిసిల్ మీద ఇరవై, బిషప్స్ బూట్ మీద పన్నెండు, ఆ కుంటి లేడీ మీద ఆరు. రాసుకో నాయనా."

ఫింటన్ పెట్టె దిగాడు.

"అమ్మా, ఒక్క మాట. మీరిచ్చేది అరవై ఎనిమిది. ఏది గెలిచినా మీకొచ్చేది అరవై. పీటర్‌కి ఒకటికి ఒకటి. ముప్పై కడితే మీ ముప్పైతో కలిపి అరవై. థిసిల్‌కి ఒకటికి రెండు. ఇరవై కడితే అదీ అరవయ్యే. మిగతా రెండూ అంతే. ఆ ఎనిమిదీ నా కమీషన్. అలా మిగిలేట్టు ధరలు కట్టడమే మా విద్య. జనం తలో గుర్రాన్నీ నమ్ముకుంటారు. నేను ఏ గుర్రాన్నీ నమ్ముకోను."

"ఎంత చక్కగా చెప్పావు! మావారికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు పాపం."

"ఆయనా ఆడేవారా?"

"ఆడేవాడా! క్వారీలో కొట్టిన రాళ్ళకంటే ఇక్కడ చింపిన చీటీలే ఎక్కువ. మొన్న చలికాలంలో పోయాడు."

మొగుడి జబ్బు పెళ్ళానికి అంటుకుందన్నమాట. ఫింటన్ తోలుసంచి మూత మూసేశాడు.

"మీ డబ్బు నాకొద్దమ్మా. ఇంటికెళ్ళండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. అతని చెయ్యి పట్టుకుంది. "ఇదే ఆఖరు నాయనా. మరియతల్లి మీద ఒట్టు, మళ్ళీ గుర్రం ముఖం చూడను. ఇదొక్కటీ కాదనకు."

ఎనిమిది పౌండ్లతో ఒక మనిషికి ఈ పీడ వదిలితే చౌకే కదా అనుకున్నాడు ఫింటన్. బ్రీజ్‌కి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు. సంచి తెరిచాడు.

పందెం మొదలైంది. కుంటి లేడీ మొదటి కంచె దగ్గరే ఆగి గడ్డి మేసింది. అందరూ నమ్ముకున్న మ్యాడ్ పీటర్ ఆఖరి కంచె ముందు మొరాయించి, పైనున్నవాణ్ణి మాత్రం అవతలికి పంపింది. వెనక ఈడ్చుకుంటూ వస్తున్న బిషప్స్ బూట్, తనే నమ్మలేనట్టు చెవులు రిక్కించి గెలిచింది. మైదానమంతా ఉసూరుమంది. ఆకుపచ్చ టోపీ మాత్రం గాల్లోకి ఎగిరింది.

"హమ్మయ్య!" అంటూ ఆవిడ సిలువ గుర్తు వేసుకుని అరవై పౌండ్లూ అందుకుంది.

"పోగొట్టుకుని ఇంత సంబరపడేవాళ్ళని చూళ్ళేదు తల్లీ" అన్నాడు డిన్నీ. "పన్నెండు ఎనిమిదులు, తొంభై ఆరు పౌండ్లు వదిలాయి నీకు!"

"అవును, సరిగ్గా తొంభై ఆరు" అంది ఆవిడ. చేతిసంచిలోంచి నలిగిన కవరొకటి తీసి ఫింటన్ చేతిలో పెట్టింది. "దీనికి గుర్రం పేరు అడక్కు. ఇందులో డబ్బు లేదు."

అతను నోరు తెరిచేలోగా బస్సు వైపు నడిచింది.

అది క్వారీవాళ్ళు జీతమిచ్చే గోధుమరంగు కవరు. వెలిసిపోయిన ముద్ర కింద 'వారం కూలి, తొంభై ఆరు పౌండ్లు' అని ఉంది. ఆ కిందే పెన్సిల్‌తో రెండు ముక్కలు: 'అమ్మా, ఇది మీ పిల్లల తిండి. ఆయన చేతికివ్వకండి.'

అక్షరాలన్నీ ఒక పక్కకే వాలి ఉన్నాయి.