కొమురమ్మ డబ్బా

మా చిన్నతనంలో కొన్ని దయ్యం సినిమాలను, చచ్చినవాళ్ల కెమెరాలో దొరికిన వీడియోలంటూ చూపించేవాళ్లు. నిజమేననుకుని అమ్మ కొంగులో దూరేవాళ్లం. ఇప్పుడు ప్రతి నుదుటా బొట్టంత కెమెరా ఉంది. అందరూ తీసేవి అలాంటి సినిమాలే.

మేకను వెతుకుతూ మూసేసిన బొగ్గుగనిలోకి దిగిన నా మనవరాలు రవళి, కప్పు కూలి లోపలే చిక్కుకుంది. దాని బొట్టు కెమెరా చూస్తున్నదంతా పొద్దుటి నుంచి ఇంటింటి గోడ మీదా ఆడుతోంది. రక్షణ దళానికి ఫోన్ చేస్తే, "మస్తు యాక్టింగ్ అమ్మా మీ పిల్లది" అన్నారు.

పక్కింటి కొమురమ్మ కాళ్లు పట్టుకున్నాను. "గడ్డపార తీస్కోని రా బిడ్డా."

"నిజమైతే గింత మంచిగుంటదా అత్తా? కూసో" అంది, గోడ మీంచి కళ్లు తిప్పకుండా.

గోడ మీద రవళి స్టీలు డబ్బాతో బండను కొడుతోంది. మూత బొట్టు కెమెరా వెలుతురులోకి తిరిగింది. దాని మీద కొమురమ్మ పేరు చెక్కి ఉంది.

"గిది నా డబ్బా గదా. నిన్న మీ రవళికి మామిడి తొక్కు పెట్టిచ్చిన" అంటూ లేచి నిలబడింది కొమురమ్మ.

అంతలో ఆ వెలుతురు ఆరి గోడ నల్లబడింది. సినిమా అయిపోయిందనుకుని వాడంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల చాటున గోడలోంచి డబ్బా చప్పుడు ఇంకా సన్నగా వినిపిస్తోంది. కొమురమ్మ గడ్డపార కోసం ఉరికింది. నేను గోడకు చెవి ఆనించి, ఆపకు బిడ్డా, ఆపకు అంటున్నాను.