అబద్ధపు మంట

లంబసింగి చలికి ఇంటింటా మంట హీటర్లు వచ్చి చాలా ఏళ్లయింది. వంట కూడా కరెంటు పొయ్యిల మీదే, ఊళ్లో నిప్పు రాజేసేవాళ్లే దాదాపు లేరు. స్వరూప కూతురు హంసికకు ఐదేళ్లు. పాకే వయసు నుంచీ హీటరు మంటల్లో చేతులు పెట్టి ఆడుకునేది. వెచ్చటి గాలి అడుగు నుంచి వస్తుంది, మంటలు మాత్రం ఉత్త వెలుగు.

ఒకరోజు పొద్దున్నే తల్లీకూతుళ్లు కొండమీద ఉన్న స్వరూప పెద్దమ్మ ఇంటికి వెళ్లారు. పాతకాలం మనిషి కాబట్టి ఆవిడ వాకిట్లో కట్టెలతో చలిమంట వేసి, నీళ్లు తోడడానికి వెళ్లింది. శాలువా తెద్దామని స్వరూప లోపలికి వెళ్లిన ఆ కాస్త సేపట్లోనే పాప రెండు చేతులూ మంటలో పెట్టేసింది.

ఆసుపత్రిలో కట్లు కట్టాక హంసిక నీరసంగా అంది. "అమ్మా, అమ్మమ్మ వాళ్ల హీటరు పాడైపోయింది. ఎవర్నీ ముట్టుకోవద్దని చెప్పు."

"పాడవలేదమ్మా, మంటంటే అదే. నీకు చెప్పాలని నాకే తోచలేదు" అంటూ స్వరూప ఏడ్చింది.

ఇంటికొచ్చాక, చలికి వణుకుతున్నా పాప హీటరున్న గదిలోకి రాలేదు. భయం పోగొడదామని స్వరూప మంటలో చెయ్యి పెట్టి, "చూడు తల్లీ, ఇది కాలదు" అంది.

హంసిక పరుగెత్తుకొచ్చింది. కట్లు కట్టిన రెండు చేతుల మధ్య తల్లి చేతిని ఇరికించుకుని, "వద్దమ్మా" అని వెక్కుతూ బయటికి లాగింది.