చేను మీది గుట్ట

"మళ్ళొకటి ఎండుతున్నది భోజ్యా!"

బండి స్టాండు వేస్తూనే శ్రీపాల్ అరిచాడు. గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

నీళ్ళ పైపు పట్టుకున్న భోజ్యా తల తిప్పలేదు. "ఏ వరుస పటేలా?"

"మూడోది. గా చివరిదే."

"చివరంటే బాట దిక్కా, గని దిక్కా?"

"బాట దిక్కే. కొస ఎర్రగైంది. ఇగ పోతది గది."

భోజ్యా ఆ వరుస వెంబడే నిదానంగా నడిచాడు. వంగి, ఆ సరుగుడు మొక్కను మొదలు నుంచి కొస దాకా బిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు. వేళ్ళతో మట్టి గుల్ల చేసి నీళ్ళు పెట్టాడు. చూస్తున్న శ్రీపాల్‌కు ఒళ్ళు మండింది.

మండదా మరి? ఈ మట్టిగుట్ట కిందే ఎక్కడో అతని పత్తి చేను ఉంది. భూపాలపల్లి బొగ్గుగని కోసం తీసుకున్నారు. గని తవ్విన మట్టి తెచ్చి దాని మీదే పోశారు. అక్కడ ఇక గడ్డి కూడా మొలవదని ఊరంతా చెప్పుకు తిరిగాడు శ్రీపాల్. తనకు లేనిది ఎవరికీ లేదన్నదే అతని ఊరట. తీరా కంపెనీ సరుగుడు నాటించింది. నీళ్ళు పొయ్యడానికి పెట్టింది ఎవరినయ్యా అంటే, ఒకప్పుడు అదే చేన్లో తన దగ్గర జీతమున్న భోజ్యాను!

ఎండాకాలం దాటాక తనిఖీ. మొక్కలు బతికితే భోజ్యా కొలువు నిలుస్తుంది. చస్తే ఇంటికే. ఆ ముచ్చట కళ్ళారా చూద్దామని శ్రీపాల్ రోజూ పొద్దున్నే వచ్చేవాడు. బండి ఇంకా గుట్ట ఎక్కకముందే "రా పటేలా" అనేవాడు భోజ్యా. అనడమే తప్ప మొహం ఎత్తేవాడు కాదు.

"జీతమున్ననాడు నా మొఖం చూసి మాట్లాడేటోడు. ఇప్పుడెంత బలుపో చూడు," అని ఇంట్లో ఉడికిపోయేవాడు.

"మరి రోజు ఎందుకు పోతవు?" అనేది భార్య మనోరమ.

ఏం చెబుతాడు? తన పత్తి ఏనాడూ ఇంత ఏపుగా పెరగలేదని చెబుతాడా? ఎక్కడ ఎర్రబడిందో, ఎక్కడ పురుగు పట్టిందో వెతికి వెతికి భోజ్యా మొహాన చెప్పడం ఒక్కటే అతనికి మిగిలిన సుఖం. పాడు మొక్కలు, చెప్పిన వారానికల్లా మళ్ళీ పచ్చబడేవి.

తొలకరి పడ్డాక ఆఫీసర్ ప్రమీల వచ్చి గుట్టంతా తిరిగింది.

"ఒక్కటి కూడా పోలేదే! ఎట్ల సాకినవు భోజ్యా?"

"నాదేమున్నది మేడం. అంతా మా పటేల్ దయ."

ఆమె నవ్వి, కొలువు ఎక్కడికీ పోదని చెప్పి జీపెక్కింది.

శ్రీపాల్‌కు తల కొట్టేసినట్టయింది. "ఆమె ముంగట నన్ను ఎక్కిరిస్తవా? రేపటి సంది నేను రాను. నీ చెట్లు నువ్వే చూసుకో!"

బండి స్టార్టు చేశాడు. భోజ్యా గాభరాగా ముందుకొచ్చి, అతని చెయ్యి పట్టుకోబోయి బండి అద్దం పట్టుకున్నాడు.

"అట్లనకు పటేలా. నీ కాళ్ళు మొక్కుత, రోజు రావాలె."

"ఎందుకురా? నేను ఏడుస్తుంటే నీకు సంబురమా?"

జీపు చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా భోజ్యా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకు కండ్లు కనవడక ఏడాదాయె పటేలా."